నిప్పూ నీరూ సరే, నేల ఏదీ?

చరిత్ర గ్రంథం చేరని గడపకు సినిమా చేరుతుంది. అక్షరం రానివాడికి కూడా అది ఒక చరిత్రను చెబుతుంది. అక్షరం వచ్చినవాడు చదువుకున్న చరిత్రను సైతం ఒక్కొక్కసారి తుడిచివేస్తుంది. అందుచేత ఒక చారిత్రక పురుషుణ్ణి నాయకుడిగా నిలబెట్టుకున్న సినిమాలో ఏ ప్రతీకలు వాడారు, ఏ చిత్రణలు మళ్ళీ మళ్ళీ వచ్చాయి అని పరిశీలించడం ఒట్టి సౌందర్య విచారణ కాదు. అది చరిత్ర విచారణ కూడా.

2022 మార్చి 25న విడుదలైన 'ఆర్.ఆర్.ఆర్.' (రౌద్రం రణం రుధిరం) గురించి ఈ దృష్టితో కొంత చెప్పవలసి ఉన్నదని నేను అనుకుంటున్నాను. దర్శకుడు ఎస్.ఎస్.రాజమౌళి, కథకుడు వి.విజయేంద్రప్రసాద్. మన్యం పోరాట నాయకుడు అల్లూరి సీతారామరాజు, ఆదిలాబాద్ గోండు నాయకుడు కొమురం భీమ్ 1920 ప్రాంతంలో ఢిల్లీ నగరంలో కలుసుకుని స్నేహితులయ్యారన్న కల్పన మీద ఈ సాహసగాథ నిలబడింది. అందులోని 'నాటు నాటు' పాటకు 2023 మార్చిలో ఆస్కార్ బహుమతి వచ్చింది. ఒక తెలుగు పాట అంత దూరం వెళ్ళినందుకు సంతోషించని వాళ్ళు మనలో తక్కువ. నేనూ సంతోషించినవాణ్ణే.

కాని ఆ తరువాత మా కరీంనగర్ తరగతిగదిలో కొమురం భీమ్ ప్రస్తావన వచ్చినప్పుడు, ఆయన ఎవరితో పోరాడాడని అడిగాను. ఎక్కువమంది విద్యార్థులు తడుముకోకుండా "ఇంగ్లీషువాళ్ళతో" అన్నారు. జోడేఘాట్ గుట్టలు మాకు పరాయి దేశంలో లేవు. గోదావరి దాటితే ఆదిలాబాద్ సీమ. అంత దగ్గరి చరిత్ర మూడు గంటల్లో అంత దూరం ఎట్లా జరిగిపోయింది? ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నం.

మొదటే ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. 'ఇది కల్పన అని సినిమావాళ్ళే చెప్పుకున్నారు గదా, ఇక చరిత్రతో తూచడం న్యాయమా?' అని అడగవచ్చు. నిజమే. సాహస చిత్రానికి మన దగ్గర పెద్ద సంప్రదాయమే ఉన్నది. 1951లో కె.వి.రెడ్డి తీసిన 'పాతాళ భైరవి'లో తోటమాలి కొడుకు రాజకుమారి కోసం మాంత్రికుణ్ణి ఎదుర్కొంటాడు. మారువేషం, బందీ అయిన పడుచు, దుర్భేద్యమైన కోట, స్నేహితుడి సాయం, చివరకు కోట కూలడం: ఇవన్నీ జానపద చిత్రానికి సొత్తు. 'ఆర్.ఆర్.ఆర్.' వాటినే కొత్త యంత్రాలతో చెప్పింది. ఇక్కడ బందీ రాజకుమారి కాదు, మల్లి అనే గోండు బిడ్డ. మాంత్రికుడి స్థానంలో స్కాట్ దొర ఉన్నాడు. అంతవరకు తప్పేమీ లేదు. ఐతే తోటరాముడి ఉజ్జయిని కథకు కావలసిన ఒక పేరు మాత్రమే. ఆ పేరుతో ఎవరి భూమీ పోలేదు, ఎవరి శవమూ లేవలేదు. కొమురం భీమ్ పేరు అటువంటిది కాదు. పేరు తీసుకున్నవాడు ఆ పేరు మోస్తున్న బరువును కూడా తీసుకోవాలి. సినిమా చరిత్ర పాఠం చెప్పాలని నేను అడగడం లేదు. దాని ప్రతీకలు ఏ పని చేస్తున్నాయని మాత్రమే అడుగుతున్నాను.

సినిమాలోని మొదటి ప్రతీకలు రెండు: నాణెం, తూటా. ఆదిలాబాద్ అడవిలోని గోండు పల్లెకు దొరా దొరసానీ వస్తారు. పాట పాడుతూ చేతి మీద బొమ్మలు వేసిన పిల్ల దొరసానికి నచ్చుతుంది. తల్లి ముందు రెండు నాణేలు పడతాయి. అది పాటకు బహుమానమని తల్లి అనుకుంటుంది. బిడ్డ ఖరీదని తరువాత తెలుస్తుంది. బండి వెంట పరుగెత్తిన తల్లి మీదికి సిపాయి తుపాకి ఎత్తితే దొర వారిస్తాడు. ఆ తూటా ఇంగ్లండు కార్ఖానాలో తయారై, సముద్రాలు దాటి వచ్చేసరికి దాని ఖరీదు ఒక పౌను అవుతుంది, అటువంటి దాన్ని ఈ మనిషి మీద వృథా చేయవద్దంటాడు. సిపాయి దుంగతో ఆమె తల మీద కొడతాడు.

ఈ ఘట్టాన్ని మెచ్చుకోవలసిందే. వలసపాలన అంటే తెల్లవాడి క్రూరత్వం మాత్రమే కాదనీ, దాని అడుగున సరుకు ఉన్నదనీ, కార్ఖానా ఉన్నదనీ, లెక్కల పుస్తకం ఉన్నదనీ మన సినిమా ఇంత సూటిగా చెప్పిన సందర్భాలు చాలా అరుదు. మనిషి వెల రెండు నాణేలు, తూటా వెల ఒక పౌను. సామ్రాజ్యవాద అర్థశాస్త్రం అంతా ఆ రెండు అంకెల మధ్య ఇమిడిపోయింది. సినిమా చివర ఈ తూటా విలువ మాటే స్కాట్ మీదికి తిరిగి వచ్చి, భీమ్ చేతి తుపాకి నుంచి వెలువడుతుంది. నిర్మాణం దృష్ట్యా కూడా ఇది పొందికైన ముగింపు.

దురదృష్టవశాత్తు ఈ సూత్రాన్ని సినిమా ముందుకు తీసుకుపోలేదు. కథ ఢిల్లీ చేరగానే సరుకు, వెల, శ్రమ వెనక్కి తగ్గి, ప్రకృతి శక్తులు ముందుకు వస్తాయి. రాముడు నిప్పు, భీముడు నీరు. ఇద్దరి ప్రవేశాలకు ఈ పేర్లే పెట్టారు. వంతెన కింద నదిలో మంటల మధ్య చిక్కిన పిల్లవాణ్ణి కాపాడేటప్పుడు నిప్పూ నీరూ మొదటిసారి కలుస్తాయి. నీళ్ళలో తడిసిన జెండా ఒకరిని మంటల నుంచి కాపాడుతుంది. గవర్నరు భవనంలో మిత్రులు శత్రువులుగా ఎదురుపడ్డప్పుడు ఒకవైపు మండుతున్న బండి, ఇంకొకవైపు ఎగజిమ్ముతున్న నీటిధార. చివరి పోరులో రెండూ ఏకమవుతాయి. చూసే కంటికి ఇది విందు. ఇంత పట్టుదలగా ఒక ప్రతీకను మొదటి నుంచి చివరి దాకా నడిపిన తెలుగు సినిమాలు ఎక్కువ లేవు.

ఐనా ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. నిప్పుకూ నీటికీ చరిత్ర ఉండదు. నిప్పు ఎందుకు మండుతుందంటే దాని గుణం అది. మనిషి తిరగబడటం అటువంటి గుణం కాదు. దానికి కారణాలు ఉంటాయి, ఆ కారణాలకు తేదీలు ఉంటాయి. గూడెం ప్రాంతంలో తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళ చేత రోడ్డు పని వెట్టిగా చేయించాడు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడును అడ్డుకున్నది. సీతారామరాజు కదలిక వీటిలోంచి పుట్టింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరుసగా దాడులు చేసి, తుపాకులను మన్యం జనం తీసుకున్నారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయనను కాల్చిచంపారు. సినిమాలోని రాముడు తుపాకుల కోసం పోలీసు కొలువులో చేరి, పై అధికారుల మెప్పు కోసం జనాన్ని ఒంటరిగా చీల్చుకుపోతాడు. చరిత్రలో జనం కలిసి తెచ్చుకున్న తుపాకిని సినిమాలో ఒక్కడు ఉద్యోగోన్నతి ద్వారా తేవాలని చూస్తాడు. తుపాకి అనే చిత్రణ రెండు చోట్లా ఉన్నది. అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోతున్నదన్నది మాత్రం తలకిందులైంది.

భీమ్ విషయంలో జరిగిన మార్పు ఇంకా లోతైనది. ఆదిలాబాద్ ప్రజల్లో నిలిచిన జీవితకథను ఒకసారి గుర్తు చేసుకుందాం. 1901లో ఆసిఫాబాద్ తాలూకా సంకెపల్లిలో పుట్టారని చెబుతారు. తండ్రి చిన్నూ అటవీ సిబ్బంది దౌర్జన్యానికి బలైపోయాక కుటుంబం వలసపోయి సుర్ధాపూర్‌లో కొత్త నేల కొట్టుకున్నది. పశువుల మేతకూ వంటచెరకుకూ బంబ్రాం, దూపపెట్టి అనే పన్నులు. పంట చేతికి వచ్చే వేళకు ఆ నేల తనదేనంటూ సిద్దిఖీ అనేవాడు వచ్చాడు. ఆ ఘర్షణలో సిద్దిఖీ చనిపోయాడు; భీమ్ అడవి దాటి చాందా పోయారు. అక్కడ విఠోబా అనే ఆయన అచ్చుయంత్రం దగ్గర పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నారు. అక్కడ నుంచి అస్సాం తేయాకు తోటల్లో కూలీ. తిరిగి వచ్చి బాబేఝరి, జోడేఘాట్, పట్నాపూర్ మొదలైన పన్నెండు గూడేలను ఒక్కటి చేశారు. హైదరాబాదు పోయి నిజాముకు అర్జీ పెట్టబోతే వినిపించుకున్నవాడు లేడు. 1940లో జోడేఘాట్ గుట్టల మీద నిజాం పోలీసుల కాల్పుల్లో అనుచరులతో కూడా నేలకొరిగారు. ఈనాటికీ ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి అక్కడ గోండులు, కోలాములు చేరి ఆయనను తలుచుకుంటారు.

ఈ కథలో నిప్పు తక్కువ, నీరు తక్కువ. మళ్ళీ మళ్ళీ వచ్చే వస్తువు ఒకటున్నది: కాగితం. పట్టా కాగితం, పన్ను రసీదు, రిజర్వు అడవి హద్దు చూపే పటం, అచ్చుయంత్రం మీది కాగితం, చివరకు బుట్టదాఖలైన అర్జీ. గోండు తరతరాలుగా దున్నిన నేలకు కాగితం లేదు. కాగితం ఉన్నవాడు ఆ నేల ఎన్నడూ దున్నలేదు. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుదారి పూర్తయ్యాక ఈ సీమకు బయటి రైతులూ, షావుకార్లూ, కంట్రాక్టర్లూ రావడం సులువైంది. 1938లో సిర్పూర్ కాగితపు మిల్లు స్థాపన జరిగింది. కొత్తపేట కాగజ్‌నగర్ అయింది. ఎంత ఘోరమైన వ్యంగ్యమో చూడండి: అడవిలోని వెదురు కాగితంగా మారుతున్న సీమలోనే, అదే రోజుల్లో, కాగితం లేదన్న కారణానికి అడవిబిడ్డలు నేల కోల్పోయారు. కొమురం భీమ్ మీద సినిమా తీసేవాడికి ఇంతకంటె బలమైన ప్రతీక ఎక్కడ దొరుకుతుంది?

'ఆర్.ఆర్.ఆర్.'లో ఈ కాగితం లేదు. జల్, జంగల్, జమీన్ అన్న మూడు మాటలు భీమ్ పేరుతో నిలిచిపోయిన నినాదం. సినిమా అందులో మొదటి మాటను తీసుకుని భీముడికి నీటి గుణంగా ఇచ్చింది. రెండో మాటను తీసుకుని పులుల తావుగా చూపింది. మూడో మాట, అనగా నేల, కథలో ఎక్కడా సమస్యగా తలెత్తదు. సినిమా గోండుల భూమిని ఎవ్వరూ గుంజుకోరు, బిడ్డను ఎత్తుకుపోతారు. భూమి పోగొట్టుకున్న జాతి కథ ఈ విధంగా చెల్లెలిని పోగొట్టుకున్న అన్న కథ అవుతుంది. చెల్లెలు దొరికితే కథ ముగుస్తుంది. పోయిన నేల దొరకడం అంత తేలిక కాదు గనుక దాన్ని ఎత్తుకోకపోవడమే వ్యాపార చిత్రానికి క్షేమం.

నేల లేనిచోట దాన్ని గుంజుకున్నవాడు కూడా ఉండడు. ఈ సినిమాలో నిజాం రాజ్యం ఏ వేషంలో కనిపిస్తుందో పాఠకులు గమనించాలి. నిజాం సలహాదారు ఒకరు ఢిల్లీ వచ్చి, గోండులకు ఒక కాపరి ఉంటాడనీ, తప్పిపోయిన బిడ్డ కోసం అతడు తప్పక వస్తాడనీ దొరలను హెచ్చరిస్తాడు. చరిత్రలో భీమ్ మీద తుపాకులు నడిపిన ప్రభుత్వం సినిమాలో భీమ్ మహిమను చాటే దూతగా మారింది! నిజాం రాజ్యం బ్రిటిష్ సామ్రాజ్యం నీడలో బతికిందనీ, చివరి విచారణలో ఇద్దరూ ఒక్కటేననీ ఎవరైనా వాదిస్తే నేను కాదనను. కాని ఆ సంబంధాన్ని చూపించడం వేరు, ఒకరిని చూపి మరొకరిని దాచడం వేరు.

దీనికి ఎదురుగా నిలిచిన ఇంకొక వాదాన్ని కూడా ఇక్కడే పరిశీలించాలి. 2020 అక్టోబరులో ఈ సినిమా ప్రచార చిత్రంలో భీమ్ ముస్లిం టోపీతో కనిపించాడని ఆదిలాబాద్‌లో ఆందోళన లేచింది. కథలో అతడు అఖ్తర్ అన్న మారుపేరుతో ఢిల్లీలో తలదాచుకుంటాడు. నిజాముతో పోరాడినవాడికి ఆ టోపీ ఎట్లా పెడతారన్నది ఆక్షేపణ. ఈ వాదం భీమ్ శత్రువును గుర్తు చేసినట్టే కనిపించినా, ఆ శత్రువును మతంగా మార్చింది. భీమ్ ఎదుర్కొన్నది అటవీశాఖను, రెవెన్యూ శాఖను, పట్టాలు సంపాదించుకున్న భూస్వాములను, అప్పులిచ్చి పంట తూచుకుపోయిన షావుకార్లను. వాళ్ళలో రెండు మతాలవాళ్ళూ ఉన్నారు. సినిమా నిజామును తప్పించి భూస్వామ్యాన్ని కాపాడింది; ఈ ఆక్షేపకులు నిజాముకు మతం మాత్రమే మిగిల్చి అదే భూస్వామ్యాన్ని కాపాడారు. రెండు వైపులా మాయమైంది నేలే. నిజానికి భీముడు అఖ్తర్‌గా ఒక ముస్లిం ఇంట అన్నం తిని బతకడం సినిమాలోని మంచి అంశాల్లో ఒకటి. ఆ స్నేహాన్ని తప్పుపట్టడానికి భీమ్ చరిత్రను వాడుకోవడం ఆయనకు చేసే అపచారం.

ఇక విల్లు. కథ చివరి భాగంలో రాముడు అడవిలోని శ్రీరాముడి విల్లమ్ములు ధరించి యుద్ధానికి దిగుతాడు. సీత ఎదురుచూస్తూ ఉంటుంది; ఆమె దగ్గర విషయం తెలుసుకున్న భీముడు బందీగా ఉన్న రాముణ్ణి విడిపించి భుజాల మీద మోస్తాడు. ఇది ఏ ఇతిహాసానికి నకలో చెప్పనవసరం లేదు. పురాణ ప్రతీకలను ప్రజాపోరాటాలు వాడుకోకపోలేదు. వాడుకోవడం దోషమూ కాదు. కాని ఈ అమరికలో ఎవరి స్థానం ఎక్కడ ఉందో చూడాలి. ఒకడు ప్రభువు, ఇంకొకడు బంటు. గోండులకు తమ పెర్సపేన్ ఉన్నాడు, కేస్లాపూర్ నాగోబా ఉన్నాడు, దండారి గుస్సాడీలు ఉన్నాయి. కోలాములకు భీమయ్యక్ అనే దైవమే ఉన్నాడు. భీమ్ అన్న పేరులోనే మోగుతున్న ఆ దేవుణ్ణి వదిలి, ఆ గిరిజన నాయకుణ్ణి మరొకరి కథలో సేవకుడిగా నిలబెట్టడం అమాయకమైన అలంకారం కాదు.

ఈ అమరికకు పరాకాష్ఠ చివరి సన్నివేశం. ఏం కావాలని రాముడు అడిగితే భీముడు చదువు కావాలంటాడు. రాముడు జెండా మీద 'జల్ జంగల్ జమీన్' అని రాసిస్తాడు. భీమ్ నినాదం భీమ్‌కే దానంగా వచ్చింది! ప్రజల నోట ఉన్న జీవితకథలో ఆయన అచ్చుయంత్రం దగ్గర అక్షరాలు నేర్చినవాడు, అర్జీ పట్టుకుని రాజధాని దాకా పోయినవాడు. గోండులకు చదువు లేకపోవడం వల్ల వాళ్ళ మాట చెల్లలేదన్నది సగం నిజం. చదువు నేర్చి రాసిన అర్జీ కూడా చెల్లలేదన్నది మిగతా సగం. ఆ సగం చెబితేనే తుపాకి ఎందుకు పేలిందో అర్థమవుతుంది. జోడేఘాట్ తరువాతనే నిజాం ప్రభుత్వానికి గోండుల గోడు వినక తప్పలేదు. ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఈ సీమలో పరిశోధన చేయడం, 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలుకావడం, గోండులకు కొంత భూమికి పట్టాలు దక్కడం అటు తరువాతి సంగతులే. అంటే ఆ చదువును ఎవరూ దయతలచి ఇవ్వలేదు. భీమ్ మరణం దాన్ని సంపాదించి పెట్టింది.

ఇన్ని చెప్పిన తరువాత, సినిమాలో చరిత్ర నిజంగా పలికిన ఒక్క చోటు గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. కొరడా దెబ్బలు తింటూ భీముడు మోకాలు వంచకుండా పాడే 'కొమురం భీముడో' పాట అది. రాసినవారు సుద్దాల అశోక్ తేజ. ఆయన తండ్రి సుద్దాల హనుమంతు తెలంగాణ సాయుధ పోరాట కాలంలో పల్లెపల్లెకూ పాటను మోసిన కవి. ఆ వంశంలోని పాట కనుకనే అందులో తెలంగాణ పల్లెనోటి పలుకుబడి ఉన్నది. అంతవరకు ప్రేక్షకులుగా నిలబడ్డ జనం ఆ పాట విని కంచె దాటి ముందుకు దూకుతారు. తుపాకుల కోసం ఇన్నేళ్ళు ఎదురుచూసిన రాముడికి, పాట కూడా మనిషిని ఆయుధంగా చేయగలదని అప్పుడు తోస్తుంది. జనం లేని వీరత్వాన్ని ఎంత కీర్తించినా, సినిమా తన కథను మలుపు తిప్పడానికి జనాన్నే పిలవవలసి వచ్చింది.

ఇక పులి. భీముడు అడవిలో పులిని వలలో పట్టి, దానికి క్షమాపణ చెప్పుకుంటాడు. ఆ తరువాత మృగాలను గవర్నరు విందులోకి వదులుతాడు. అడవి మొత్తం ఆదివాసి పక్షాన యుద్ధం చేసినట్టు కనిపిస్తుంది. బయటి వాస్తవం వేరుగా ఉన్నది. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యం ఏర్పడింది. 2025 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం 49వ నంబరు ఉత్తర్వుతో ఆసిఫాబాద్ అడవులను సంరక్షణ ప్రాంతంగా ప్రకటిస్తూ, దానికి కుమ్రం భీం పేరే పెట్టింది. తమ సాగుకూ బతుకుకూ ముప్పని ఆదివాసులు కదిలితే జూలైలో ఆ ఉత్తర్వును నిలిపి ఉంచారు. అడవి మీద హక్కు అడిగి చనిపోయినవాడి పేరు అడవి హద్దురాయి మీద చెక్కబోయారు. 2016లో జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం. జోడేఘాట్‌లో స్మారక ప్రదర్శనశాల కట్టుకున్నాం. పేరు నిలిచి, ఆ పేరు అడిగిన నేల జారిపోతే, ఆ పేరే ఒక ముసుగవుతుంది. ఇది సినిమా ఒక్కదాని దోషం కాదు. సినిమా ఆ ముసుగుకు రంగులద్దింది.

1940 తోనే ఈ కథ ముగియలేదని చెప్పడానికి ఇంద్రవెల్లి ఒక్కటి చాలు. 1981 ఏప్రిల్ 20న, భూమి సమస్య మీద అక్కడ సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. అప్పుడు నిజామూ లేడు, ఇంగ్లీషు దొరా లేడు. తూటా స్వదేశంలోనే తయారై ఉంటుంది. దాని వెల ఎంతో ఎవరూ అడగలేదు. స్కాట్ దొర తూటా లెక్క తెలిసిన ప్రేక్షకుడు ఇంద్రవెల్లి లెక్క కూడా అడగగలిగినప్పుడే ఆ ప్రతీకకు సార్థకత.

ఈ లెక్క అడిగిన రచన మనకు లేకపోలేదు. ఇంద్రవెల్లి జరిగిన రెండేళ్ళకు, 1983లో, మా ఉత్తర తెలంగాణ రచయితలు సాహు, అల్లం రాజయ్య 'కొమురం భీము' నవలను అందించారు. గూడేలలో నోటి మాటగా ఉన్న కథను సేకరించి, నేల సమస్యను నడుమ నిలిపి రాసిన నవల అది. 1990లో అల్లాణి శ్రీధర్ భీమ్ మీద ఒక సినిమా తీశారు. అది జనం ముందుకు రావడానికి 2010 దాకా ఆగవలసి వచ్చింది. వందల కోట్ల సినిమా ఒక్క రోజులో చేరిన చోటికి, చిన్న సినిమా చేరడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఏ ప్రతీక ప్రజల మనసులో నిలవాలో నిర్ణయించేది కళాశక్తి ఒక్కటే కాదు, పెట్టుబడి కూడా.

కాబట్టి ఉపాధ్యాయులమైన మన పని 'ఆర్.ఆర్.ఆర్.'ను బహిష్కరించడం కాదు. విద్యార్థులు దాన్ని చూశారు, మళ్ళీ చూస్తారు. తరగతిలో ఆ సినిమానే మొదటి పాఠంగా పెట్టుకుందాం. రెండు నాణేలూ ఒక పౌనూ లెక్క చెప్పించి, ఆ లెక్కను పట్టా కాగితం దాకా, కాగజ్‌నగర్ వెదురు దాకా, ఇంద్రవెల్లి దాకా నడిపిద్దాం. నవల చదివిద్దాం. గోండి మాట్లాడే విద్యార్థి మన తరగతిలో ఉంటే, మనం చెప్పడం ఆపి, వాళ్ళ ఇంటి పెద్దలు ఆ కథను ఎట్లా చెబుతారో అతణ్ణే చెప్పమందాం. నిప్పూ నీరూ తెర మీద ఎంత అందంగానైనా కలవనీయండి. ఆ రెండూ చివరకు వచ్చి వాలవలసింది నేల మీదనే. ఆ నేల ఎవరిదన్న ప్రశ్న భీమ్ అడిగి ఎనభై ఏళ్ళు దాటింది. జవాబు ఇంకా బాకీ ఉన్నది.